పరగడుపున ఓటు

టీ పడందే మా పెద్దమ్మకు నోరు పెగలదు. బందరు గిలకలదిండి హార్బరులో చేపల వేలం దగ్గర ఆవిడ గొంతు వినిపించిందంటే అప్పటికే రెండో గ్లాసు ఖాళీ అయిందన్నమాట. అలాంటి మనిషి చర్చిలో ప్రభు భోజనం తీసుకునే ఆదివారం, ఓటు వేసే రోజు మాత్రం టీ ముట్టదు. రెండూ పరగడుపునే జరగాలి. ఓటు ఎవరికి వేస్తుందో దేవుడికి కూడా చెప్పదు.

పోయిన ఎన్నికల రోజు గుడివాడలో నా ఓటు వేసేసి, పెద్దమ్మ చేతి పులుసు తిందామని బందరు బస్సెక్కాను. ఇంటికి తాళం వేసి ఉంది. పోలింగు జరిగే బడికి వెళ్తే, చర్చికి కట్టుకునే తెల్లచీరలో గేటు బయట మెట్లమీద కూర్చుని ఉంది.

"నా పేరు తీసేశారంట," అంది నన్ను చూసి. "నేను ఊరొదిలేసి పోయానంట."

లోపలికి వెళ్ళి కార్డు చూపించాం. కార్డు ఉంటే చాలదండీ, జాబితాలో పేరుండాలి అన్నాడు అక్కడి ఉద్యోగి, మర్యాదగానే. జాబితా సరిచూసే మనిషి ఇంటికొచ్చి విచారిస్తే, ఊళ్ళో లేరని ఎవరో చెప్పారట.

ఎవరు చెప్పారో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు. అది పెద్దమ్మ వాళ్ళ వీధి ఆచారం. చేతిలో కాగితాలతో, కాళ్ళకు బూట్లతో ఎవడొచ్చి ఎవరి గురించి అడిగినా, "వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి చాన్నాళ్ళయిందండీ" అనాలి. కరెంటు మీటర్ల తనిఖీ నుంచి వీధిని ఇన్నేళ్ళూ ఇలా కాపాడుకొచ్చింది పెద్దమ్మే. ఆవిడ వేలానికి వెళ్ళిన పొద్దున వచ్చిన మనిషికి ఎదురింటి పిన్ని ఆ పాఠమే పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"నువ్వు నేర్పిందే కదక్కా!" అని మెట్ల దగ్గరికొచ్చి పిన్ని లబోదిబోమంది.

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది, పిన్ని మీద కాదు. ఒకరి పేరు తీసెయ్యాలంటే ముందు ఇంటికి నోటీసు రావాలి, మనిషిని పిలిచి అడగాలి. ఆ నిబంధన ఇప్పటికీ పుస్తకంలో ఉందట. పుస్తకంలోంచి ఆ వీధిదాకా రావడానికే దానికి తీరిక లేదు. తీసెయ్యడానికి ఎదురింటి మాట సరిపోయింది. మళ్ళీ చేర్చడానికి మాత్రం మనం ఉన్నామని మనమే రుజువులు మోసుకుంటూ తిరగాలి.

సాయంత్రం దాకా పెద్దమ్మ ఆ మెట్లు దిగలేదు. పిన్ని టీ గ్లాసుతో మళ్ళీ మళ్ళీ వచ్చింది.

"ఓటెయ్యకుండా ఎట్టా తాగుతానే?" అంది పెద్దమ్మ.

బడి గేటు మూశాక గ్లాసు అందుకుంది. టీ చల్లారిపోయింది. "ఇంకేముందిలే," అని ఒక్క గుక్కలో తాగేసింది.

తర్వాత దరఖాస్తు పెట్టాం. పేరు ఇంకా ఎక్కలేదు. వీధి ఆచారం మాత్రం మారింది. మొన్న కరెంటు వాళ్ళు వస్తే పెద్దమ్మ ఒక్కో ఇల్లూ చూపిస్తూ, "ఉన్నారండీ, అందరూ ఇక్కడే ఉన్నారు, రాసుకోండి!" అని కేకలు పెట్టింది. పిన్ని ఇంట్లో తిరగని మీటరు కాస్తా దొరికిపోయింది.

"నీకేమన్నా పిచ్చా అక్కా? కరెంటు పీకేస్తారు!"

"కరెంటు పీకితే దీపం పెట్టుకుందువులే," అంది పెద్దమ్మ, టీ ఊదుకుంటూ. "పేరు పీకితే ఏం పెట్టుకుంటావే?"