వెనక వెలగని కారు

మా కారుకు వెనక దీపాలు లేవన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వదిన, నా భర్త అక్క. పెదబయలు సంతకు రాజ్మా మూట మోసుకుపోతుంటే, పొద్దుటి మంచులో మా అమ్మాయి కారు ఆమెను దాటిందట. నాలుగు బారలు పోయేసరికి మాయమైపోయిందట. సంత మానుకుని, మూటతోనే కొండెక్కి మా ఇంటికి వచ్చేసింది.

"ఏటే మరదలా, మీ గుంటకి లైసెన్సు ముందుకేనా ఇచ్చారు, ఎనక్కి ఇవ్వనేదా?"

నాకు కోపం వచ్చింది. మా చుట్టుపక్కల కారు కిరాయికి తోలే ఆడపిల్ల అదొక్కతే. కారు తెచ్చిన రోజున పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మేమంతా కారు ముందే నిలబడి మురిసిపోయాం. వెనక్కి వెళ్లి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంజను స్టార్టవగానే ముందు రెండు తెల్లదీపాలు వాటంతటవే వెలుగుతాయి. వెనకా అలాగే వెలుగుతాయని అదీ అనుకుంది, నేనూ అనుకున్నాను.

వదిన కోడలికి నెలలు నిండాయి. మర్నాడు పొద్దున్నే పాడేరు ఆసుపత్రికి మా కారులోనే వెళ్లాలి. ఇప్పుడేమో జీపు మాట్లాడుకుంటానంది వదిన. అమ్మాయి మొహం మాడిపోయింది. సొంత మేనత్తే ఎక్కని కారు ఇంకెవరు ఎక్కుతారు?

వదిన వెళ్లాక నేను కారు వెనక నిలబడి స్టార్ట్ చెయ్యమన్నాను. ముందున్న గడ్డి మీద వెలుగు పడింది. నా వైపు ఏమీ లేదు. అమ్మాయి దిగి వచ్చి చూసింది. కారుతో ఇచ్చిన పుస్తకం తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. నేను బడికి పోలేదు, మా నాన్న ఇంట్లోనే బైబిలు మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పాడు. నా కూతురు ఇంగ్లీషు పుస్తకం మీద వేలు పెట్టి చదువుతుంటే లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ముందు వాటంతటవే వెలిగేవి పగటిదీపాలని, అవి ఎదుటివాళ్లకు కనిపించడానికేనని, వెనకవి వెలగాలంటే స్టీరింగు పక్కన స్విచ్ మనమే తిప్పాలని చెప్పింది. తిప్పింది. వెనక నిలబడ్డ నా తెల్లచీర ఎర్రబడింది.

అమ్మాయి అక్కడితో ఆగలేదు, తిన్నగా వదిన ఇంటికి పోయింది.

"అత్తా, తప్పు నాదే. రేపు నువ్వే ఎనక నిలబడి సూసుకో. బాగుంటేనే ఎక్కు."

తప్పు ఒప్పుకోడానికి నేనైతే రెండు రోజులు తీసుకునేదాన్ని.

పొద్దున్న వదిన కారు చుట్టూ తిరిగి, వెనక వంగి చూసి, అప్పుడు కోడల్ని ఎక్కించింది. నేనూ వెళ్లాను. ఘాట్‌లో మంచు కమ్మేసింది. ఫుల్ లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడే కనిపిస్తుందని అమ్మాయి డిమ్ములోనే మెల్లగా తోలింది. ఒక మలుపులో ఆవులు అడ్డంగా పడుకుని ఉంటే ఆపింది. వెనక బ్రేకుల చప్పుడు. ఒక బస్సు చాలా దూరంలోనే ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, ఎర్రదీపాలు కనబడబట్టి ఆపగలిగానని అమ్మాయితో అన్నాడు. వదిన వెనక సీట్లోంచి దాని భుజం మీద చెయ్యి వేసింది.

కోడల్నీ, పుట్టిన మనవరాలినీ ఇంటికి తెచ్చింది కూడా మా కారే.

నా కూతురంటే నాకు గర్వం, దాచుకోను. కానీ మీరెప్పుడైనా మా మంచులో లైటు స్విచ్ తిప్పితే, ఉన్నమాట మొహం మీదే చెప్పిన మా వదినను ఒక్కసారి తలుచుకోండి.