బీరమ్మ ముంచిన కుండ

పటాన్‌చెరులో పాత రాతి మండపం మెట్ల మీద బీరమ్మ పదేళ్లుగా మక్కకంకులు కాల్చి ఫ్యాక్టరీ కూలీలకు అమ్ముతోంది. మండపం పక్కన పారే వాగు నిండా కంపెనీలు వదిలిన పసుపుపచ్చ నురగే. అందులో బర్రెలు కూడా మూతి పెట్టవు.

అది 1996. నగరం నుంచి ఒక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ట్యాంకర్ నీళ్లున్న ఆమె ప్లాస్టిక్ బిందె ఆ చెక్కిన స్తంభాల ముందు అసహ్యంగా ఉందట! మట్టికుండ చేతికిచ్చి, వాగులో ముంచి నెత్తిన పెట్టుకోమన్నాడు. ఫొటో ఇస్తానన్నాడని ఆమె ముంచింది. చేతులు మండాయి. అతను ముక్కుకు రుమాలు కట్టుకుని మరీ తీశాడు.

“పల్లె బతుకు ఎంత స్వచ్ఛమైనదో!” అన్నాడు.

బీరమ్మ కుండ దించి అతని ముందు పెట్టింది.

“రుమాలు తియ్యి సారూ. ఇగ నువ్వు గుక్కెడు తాగు, ఫొటో నేను తీస్త.”