లాగాఫ్ కాని ఒక్క కౌంటర్

2023 వర్షాకాలం. భిలాయి స్మృతి నగర్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో కంప్యూటర్ల సంగతి నేను చూసేదాన్ని. అక్కడి కౌంటర్ల మీద ఉండేవి ఉత్త తెరలూ కీబోర్డులే. అసలు డెస్క్‌టాప్‌లు ఎక్కడో దూరాన సర్వర్లలో నడుస్తాయి. వాటినే క్లౌడ్ డెస్క్‌టాప్‌లంటాం. అన్నిటికీ అచ్చు ఒకటే, దాని పేరు ఇమేజ్. ఎవరైనా లాగాఫ్ అయితే వాళ్ల డెస్క్‌టాప్ చెరిగిపోయి, డిఫాల్ట్‌గా పెట్టిన ఇమేజ్ వెర్షన్ నుంచి కొత్తది తయారవుతుంది. ఆ డిఫాల్ట్ ఏదో నిర్ణయించేది నేనే. ఈ మాట నలుగురిలో చెప్పుకోవడం అప్పట్లో నాకు మహా ఇష్టం.

ఒక ఆదివారం కొత్త వెర్షన్ తయారుచేశాను. అప్‌డేట్లన్నీ పడ్డాయి, చకచకా తెరుచుకుంటోంది, మామూలు ప్రింటర్ పనిచేస్తోంది. మురిసిపోయి దాన్నే డిఫాల్ట్ చేశాను. రాత్రి పదికల్లా అందరూ లాగాఫ్ కావాలని గ్రూపులో మెసేజ్ పెట్టి, పాత వెర్షన్‌ను డిలీట్ చేసేశాను. పాత సామాను మిగిలుంటే నాకు నిద్ర పట్టదు. మా ఆయన పాత చొక్కాలకు ఈ సంగతి బాగా తెలుసు.

సోమవారం పొద్దున్న ఏడింటికి సుజాత ఫోన్ చేసింది. క్యాజువాలిటీ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి, చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది.

"దీదీ, బ్లడ్ టెస్ట్ కౌంటర్లు మూడూ బంద్. లేబుళ్లు రావట్లేదు. జల్దీ రండి."

లేబుల్ అంటే రక్తం తీసిన గొట్టం మీద అంటించే చిన్న స్టిక్కర్. దాని మీది గీతల్ని చూసే ల్యాబ్ మిషన్ ఎవరి రక్తమో గుర్తుపడుతుంది. అది లేకపోతే పరీక్ష లేదు.

సెక్టర్ 2లోని మా ఇంటి నుంచి స్కూటీ మీద వానలో తడుస్తూ వెళ్లాను. హాలు నిండా షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చిన పెద్దవాళ్లే. ముందు కుర్చీలో సింహాచలం బాబాయ్. స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడిపి రిటైరయ్యాడు, మా నాన్నకు స్నేహితుడు.

"ఏటమ్మా, మీ మిషనుక్కూడా పరగడుపేటి?" అన్నాడు. హాలంతా నవ్వింది. వెంటనే గొంతు తగ్గించాడు. "రేపు నా కన్ను ఆపరేసను. డాట్రు రాయపూర్ నుంచి నెలకోపాలే వస్తాడు. ఇయాల సుగర్ రిపోర్టు లేకపోతే మళ్లీ నెల్లాగాల. పేకలో ఆటీనేదో డైమనేదో నాకు తెల్దు. ఆ నాయుడు నన్ను రోజూ ఓడించెత్తన్నాడు."

నవ్వొచ్చింది గానీ, తెర చూశాక సంగతి అర్థమైంది. లేబుల్ ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌లో పెట్టడం మరిచిపోయాను. ఆ ప్రింటర్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాంతో వచ్చిన సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. డ్రైవర్ ఉన్న ఒకే ఒక్క చోటు, నేను ముచ్చటపడి డిలీట్ చేసిన పాత వెర్షన్. నా తెలివి తెల్లారినట్టే ఉందని నన్ను నేనే తిట్టుకున్నాను. బాబాయ్ ముఖం చూడలేకపోయాను.

ఇంతలో పక్కనే క్యాజువాలిటీ కౌంటర్‌లో సుజాత బ్యాగు భుజాన వేసుకుంది. "నా రిలీవర్ ఇప్పుడే వచ్చింది దీదీ. లాగాఫ్ చేసి వెళ్లిపోతా. డబుల్ డ్యూటీ అయిపోయింది."

"రాత్రి పదికి లాగాఫ్ కాలేదా నువ్వు?"

"ఎలా అవుతాను? వర్షానికి నైట్ డ్యూటీ ఆమె రాలేదు. మా నాన్న రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేశారు. రిలీవర్ చార్జ్ తీసుకోకుండా సీటు దిగితే మా ఇంట్లో అన్నం పుట్టదు. మీ మెసేజ్ చూశాను. తిడతారనీ తెలుసు. కానీ రాత్రంతా పేషెంట్లు వస్తూనే ఉన్నారు. నా దగ్గర లేబుళ్లు మంచిగానే వచ్చాయి."

అప్పటికే ఆమె చేతిలోని మౌస్ లాగాఫ్ బటన్ మీద ఉంది.

"సుజాతా, మౌస్ వదిలెయ్."

"క్యా హువా దీదీ?"

"వదిలెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది."

లాగాఫ్ కాలేదు కాబట్టి ఆమె డెస్క్‌టాప్ చెరిగిపోలేదు, ఇంకా పాత వెర్షన్ మీదే నడుస్తోంది. మొత్తం నర్సింగ్ హోమ్‌లో మిగిలిన ఒకే ఒక్క ప్రతి అది. నా మాట వినని ఒకే ఒక్క మనిషి దగ్గర మిగిలింది. వెంటనే అందరి లేబుళ్లూ ఆ కౌంటర్ నుంచే తీయించాను. మొదటి స్టిక్కర్ సింహాచలం బాబాయ్‌ది. అది బయటికి వస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంకోపక్క ఆ డెస్క్‌టాప్ డిస్క్‌కు నకలు తీయడం మొదలుపెట్టాను. సుజాత అక్కడే నిలబడి ఉంది.

"ఇంకా ఇంటికెళ్లలేదేం?"

"చార్జ్ ఎవరు తీసుకున్నట్టు దీదీ? నా రిలీవర్ ఈ సీటు ముట్టుకోవడానికే భయపడుతోంది."

"నేను తీసుకున్నాను," అని చెప్పి ఆమె కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు కదిలింది. ఆ నకలు నుంచి మధ్యాహ్నానికల్లా పాత వెర్షన్‌ను తిరిగి తయారుచేసి, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టాను. సాయంత్రానికి బాబాయ్ రిపోర్టు చేతికొచ్చింది. మర్నాడు ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్లకు నల్లకళ్లద్దాలతో కనిపించి, "నాయుడు మూడాటలు ఓడిపోనాడు," అన్నాడు, మనవడు ఫస్టొచ్చినంత సంబరంగా.

కొత్త వెర్షన్ బాగుందని నాకు అనిపిస్తే చాలదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ కొత్త వెర్షన్ అయినా ముందు ఒక్క కౌంటర్‌లో, నిజమైన పేషెంట్ల మధ్య, పూర్తిగా ఒక షిఫ్టు పనిచేయాలి. అందాకా డిఫాల్ట్ మారదు, పాతదాని జోలికి వెళ్లను. ఆ ఒక్క కౌంటర్ ఎప్పుడూ సుజాతదే. షిఫ్టు అయ్యాక ఫోన్ చేస్తుంది.

"దీదీ, కొత్తోడు చార్జ్ తీసుకున్నాడు. పాతోడిని ఇంటికి పంపించెయ్యండి."

అప్పుడు గానీ నేను డిలీట్ నొక్కను.