టర్న్ అన్నప్పుడల్లా దొర్లిన మొగుడు

మా ఎదురింటి కోడలు ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఈమధ్య ఆమెకు రోగులను చూసుకునే ఆయా పనికి మారే అవకాశం వచ్చింది. చిక్కల్లా ఆ వార్డు హెడ్ నర్సుతోనే. ఆవిడది మన భాష కాదు, ఏం చెప్పినా ఇంగ్లీషులోనే. అందులోనూ ప్రతిదానికీ టర్న్ అంటుంది. సోమవారం ఆవిడ ముందు పని చేసి చూపించాలి. తడబడితే మళ్లీ చీపురే.

ఆదివారం వాళ్లింట్లోంచి ఒకటే గోల. ఊరుకోగలనా? చెప్పులైనా వేసుకోకుండా వెళ్లాను. ఆమె మొగుడు, ప్లంబరు, మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. హైస్కూలు కూతురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని హెడ్ నర్సులా తల్లికి హుకుం జారీ చేస్తోంది. టర్న్ ఆన్ అంటే లైటు వేయాలి, టర్న్ ఆఫ్ అంటే ఆర్పాలి, టర్న్ డౌన్ అంటే టీవీ సౌండు తగ్గించాలి. టర్న్ ఓవర్ అంటే మాత్రం నాన్నను దొర్లించాలి. పైగా మనిషి రావడాన్ని కూడా టర్న్ అప్ అంటారట.

"ఇన్ని పనులకీ ఒకటే మాటేమిటే?" అన్నాను.

ప్లంబరు దిండులోంచే జవాబిచ్చాడు. "తోక చూసుకోవాలి పిన్నిగారూ. తోక మారితే పని మారిపోతుంది. మా ఆవిడ తోక వినకుండానే నా మీద పడుతోంది."

నిజమే. కంగారులో ఆమె టర్న్ ఆఫ్ అన్నా ఆయన్నే దొర్లిస్తోంది. బరువైన మనిషి, ఓ పట్టాన కదలడు. దాంతో దొర్లించినప్పుడల్లా, బస్తాలా పడుకోక కదలవయ్యా అని ఓ తిట్టు. దీపాలు పెట్టే వేళకు ఆమెకు తోకలన్నీ వచ్చేశాయి, ఆయనకు నడుం పట్టేసింది.

సోమవారం వార్డులో లైట్లూ ఫ్యానూ టీవీ చక్కగా గడిచాయట. ఆఖరున హెడ్ నర్సు కిటికీ పక్క మంచం చూపించి, ఆ పెద్దాయన్ను టర్న్ ఓవర్ చేయమంది. ఆయన ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ ఎవరితోనూ ఉలుకూ పలుకూ లేదు. ఈమె పద్ధతిగా భుజమూ నడుమూ పట్టుకుంది. చేతులు పని అందుకునేసరికి నోరు కూడా అందుకుంది.

"కదలవయ్యా, ఎంతసేపని బస్తాలా పడుకుంటావు?"

ఈమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పెద్దాయన కళ్లు తెరిచి, "తిట్టుకో తల్లీ, చక్కిలిగింతలు మాత్రం పెట్టకు" అని నవ్వుతూ తనే పక్కకు తిరిగాడు.

హెడ్ నర్సుకు ఆ మాటలు అర్థం కాలేదు గానీ నవ్వు అర్థమైంది. మర్నాటి నుంచి అక్కడే డ్యూటీ అని చెప్పేసింది.

ఆ పెద్దాయన ఎలా ఉన్నాడని నేను రోజూ అడుగుతూనే ఉన్నాను. ఈమె సెలవు పెట్టిన రోజున, ఎవరు ఏ భాషలో చెప్పినా ఆయన తిరగడట.