డేరాలో కొన్న రేకుల గ్రంథం

2021లో నేను దుబాయ్ అల్ కుసైస్‌లో ఒక లోహ పరీక్షల ల్యాబులో సీనియర్ ఎనలిస్టుగా ఉన్నాను. పాత నాణేలు, విగ్రహాలు అసలువో నకిలీవో తేల్చే విభాగం నాది. రిపోర్టు నేను రాస్తే మా ముదీర్, అంటే మేనేజరు, సంతకం పెట్టేవాడు.

ఆ ఏడాది కోనసీమకు చెందిన డేవిడ్ గారు, ఆయన బావమరిది జాన్ కలిసి వచ్చారు. డేవిడ్ గారు దుబాయ్ వచ్చాక, కుటుంబమంతా వెళ్లే చర్చి వదిలి, మోర్మన్లనే క్రైస్తవ శాఖలో చేరారు. తమ మొదటి ప్రవక్తకు దేవదూత బంగారు రేకుల గ్రంథం చూపాడని, అనువాదం అయ్యాక తిరిగి తీసుకున్నాడని వాళ్లు నమ్ముతారు. ఎవరూ చూపించలేని రేకులను నమ్మడమేమిటని జాన్ ఇంట్లో ఎద్దేవా చేసేవాడు. అతని నోరు మూయించాలని డేవిడ్ గారు దుబాయ్ పాత బజార్లుండే డేరా పేటలో ఒక వ్యాపారి దగ్గర, వలయాలతో గుచ్చిన ఇత్తడి రేకుల కట్ట కొన్నారు. పూర్వం రేకుల మీద గ్రంథాలు రాసేవారనడానికి అదే రుజువట. నకిలీ అని తేలితే ఆయన పాత చర్చికి తిరిగి రావాలని ఇద్దరికీ పందెం. మా పని లోహం వరకే కాబట్టి నేను ఊరుకున్నాను.

"ఆయ్, మా పాఠాల పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉందండి" అన్నారు డేవిడ్ గారు, మురిసిపోతూ. మా వృత్తిలో బొమ్మకు అంత బాగా సరిపోయే వస్తువునే ముందు అనుమానిస్తాం. బొమ్మ చూసి కొనేవాడి కోసం బొమ్మ చూసే చేస్తారు.

ఏళ్ల తరబడి లోహం మీద పేరుకునే పచ్చ పొరను పాటినా అంటాం. అసలైనది ద్రావకంతో తుడిచినా అంత తేలిగ్గా ఊడదు. ఇది రంగులా దూదికి అంటుకుని వచ్చేసింది. దాని కింద, మైక్రోస్కోపులో, మిల్లులో రేకు సాగదీసినప్పుడు పడే గీతలు కనిపించాయి. ఆధునిక కాలపు రేకు అని రాశాను. ఈ ఫలితం ఈ వస్తువుకు మాత్రమే వర్తిస్తుందన్న వాక్యం అన్ని రిపోర్టుల్లోలాగే చివర ఉంది.

"ఖలాస్ బావా! శుక్రవారం ఆరాధనకి మన చర్చికే వచ్చేయ్" అన్నాడు జాన్. దుబాయ్‌లో అప్పట్లో సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి ఆరాధనలూ ఆ రోజే జరిగేవి.

డేవిడ్ గారు నా వైపు తిరిగారు. "ఇది దొంగదని తేలిందండి. అసలుది లేదని తేలలేదు కదండీ?"

తేలలేదన్నాను. ఆ మాట జాన్ చెవికెక్కలేదు. రిపోర్టు మొదటి పేజీ ఫోటో అప్పటికే బంధువుల వాట్సాప్ గ్రూపుకు పంపేశాడు.

కొన్నాళ్లకు జాన్ డేరాలో అబ్రా పడవల రేవు దగ్గర కనిపించాడు. పాత హుషారు లేదు. "గ్రూపులో అందరూ నవ్వాక బావ మా చర్చికీ రావట్లేదండి, వాళ్లదానికీ వెళ్లట్లేదండి. ఇంట్లో ప్రార్థన కూడా మానేశాడు. మా అక్క నాతో మాట్లాడ్డం లేదండి" అన్నాడు. నాకు చాలా బాధేసింది. రిపోర్టులో ఒక్క అక్షరం తప్పు లేదు. అయినా ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పరీక్ష లోహం గురించే చెబుతుంది, వచ్చినవాళ్లు మాత్రం వేరే దాని గురించి తీర్పు పట్టుకెళతారు. ఆ తర్వాత నుంచి, వస్తువు తీసుకునే ముందే ఫలితంతో ఏం చేయబోతున్నారని అడిగేవాణ్ని. పందెం అన్నవాళ్లను తిప్పి పంపాను. డేవిడ్ గారు వచ్చిన రోజున మాత్రం అలా తిప్పి పంపలేకపోయాను.