మెడలో గడ్డలు, పళ్ళెంలో బెల్లం

మొదటిసారి పడిపోయింది కవిటిలోని మా కొబ్బరితోటలోనే. కాయలు దింపేవాడు పైనుంచి ఏ గెల కొయ్యమంటావని అడిగాడు. తలెత్తి చూశాను, అంతే. తెలివొచ్చేసరికి మొహం మీద బొండాం నీళ్ళు, చుట్టూ సగం ఊరు. అందరి నోటా ఒకటే మాట, కిడ్నీ.

ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో తుమ్మినా కిడ్నీయే. రక్తపరీక్ష చేయించాను, బాగుంది. ఎవరూ నమ్మలేదు. మళ్ళీ చేయించాను, మళ్ళీ బాగుంది. ఈలోగా చొక్కా పైబొత్తం పెట్టుకుంటూ ఒకసారి పడ్డాను. నందిగాం పెళ్ళిలో ఫొటో దిగుతుండగా ఎవరో పిలిస్తే ఎడమకు తిరిగి, పెళ్ళికొడుకు మీదే పడ్డాను. ఆ ఫొటో వాళ్ళ ఆల్బంలో ఇప్పటికీ ఉంది. పరామర్శకొచ్చినవాళ్ళు నా పాదాలు నొక్కి వాపు వెతికేవారు. వాపు లేదని చెబితే, నేనేదో దాస్తున్నట్టు చూసేవారు. ఒళ్ళు మండిపోయేది. మా ఆవిడకైతే ఆ మాటంటేనే భయం. వాళ్ళ అన్న డయాలసిస్‌కి పలాస తిరిగి తిరిగే పోయాడు.

చివరికి విశాఖలో ఒక డాక్టరు మెడ తడిమి, స్కానింగు చేయించి, ఎడమవైపు రెండు గడ్డలున్నాయన్నాడు. తల ఎత్తినా, తిప్పినా, కాలరు బిగిసినా అవి రక్తనాళాన్ని నొక్కుతున్నాయట, గుండె నెమ్మదించి స్పృహ పోతోందట. ఆపరేషన్ చెయ్యాలి, ప్రమాదం లేకపోలేదు, అందాకా ఎడమకు అసలు తిరగొద్దన్నాడు. మా ఆవిడ ఆయనకు దణ్ణం పెట్టి, "కిడ్నీ కాదు గదా బాబూ?" అంది.

ఇంటికి రాగానే కొబ్బరికాయ కొట్టి, ముక్కలు బెల్లంతో పళ్ళెంలో పెట్టి ఇంటింటికీ పంచింది. నన్ను ఓదార్చడానికొచ్చినవాళ్ళు నోరు తీపి చేసుకుని, అదృష్టవంతుడివని చెప్పి వెళ్ళారు.

సాయంత్రం ఖాళీ పళ్ళెంతో వచ్చి అరుగు మీద నా ఎడమపక్కన కూర్చుంది. ఇక ఆగలేకపోయాను. మెడ కోయించుకోబోయే మొగుడి పేరున బెల్లం పంచుతావా అని అరిచాను.

"గడ్డలైతే కోసి తీసేత్తారు బావా," అంది. "మా అన్నకి కోసి తీసీడానికేటుంది?"

కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడైంది. ఏడుస్తోందేమోనని, డాక్టరు మాట మరిచిపోయి అటు తిరిగాను.

కళ్ళు తెరిచేసరికి నా తల ఆమె ఒళ్ళో ఉంది. ఏడుస్తూనే నన్ను తిడుతోంది. ఆపరేషన్ అయ్యేదాకా మళ్ళీ నా ఎడమపక్కన కూర్చోలేదు.