తాత పేరు పలకని మా అవ్వ

నిన్న పొద్దున కెంచనగుడ్డ స్కూల్లో అటెండెన్స్ తీసుకుంటుంటే తమ్ముడి ఫోన్.

"అక్కా, అవ్వ పోయినాది."

ముందురోజు సాయంత్రమే వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడిన మనిషి! చాక్‌పీస్ చేతిలోనే ఉంది. అలాగే బస్సెక్కేశాను.

బ్రూస్‌పేట బట్టల అంగడి అవ్వగా మీలో చాలామందికి ఆమె తెలుసు. ఈ సంగతి మాత్రం తెలియదు.

తుంటి ఎముక విరిగాక అవ్వ హాల్లో మంచానికే పరిమితమైంది. సందెవేళ తన చేత్తో ఇల్లంతా లైట్లు వేసి దండం పెట్టుకునే మనిషి, "ఎవరన్నా లైట్ ఏయండప్పా" అని అడగాల్సి వచ్చింది. నొప్పి కన్నా అదే ఆమెకు పెద్ద బాధ.

అప్పటికే ఫోన్లు, కంప్యూటర్ల పెద్ద కంపెనీలన్నీ మన ఇళ్లలో బల్బులు, ఫ్యాన్ల మీద పడ్డాయి కదా. బాబాయి ఒక స్మార్ట్ స్పీకర్ తెచ్చాడు. గది పేరు చెప్పి ఆన్ అంటే చాలు, ఆ గదిలో లైట్ వెలుగుతుంది. ఫిట్టింగ్‌కి వచ్చినాయన గదులకు పేర్లు అడిగితే తాత మీసం దువ్వుతూ, "మా రూముకు నా పేరే పెట్టప్పా" అన్నాడు.

హనుమంతప్ప రూమ్!

అవ్వ భయంభయంగా "హాల్ లైట్ ఆన్" అంది. వెలిగింది.

"నోటితో చెప్తే దీపం వచ్చెగదే!" అని బల్బుకు రెండు చేతులూ జోడించింది. ఆ రోజు ఆమె కళ్లు చూడాలి మీరు.

వంటిల్లు, వరండా, అన్నీ తనే వెలిగించేది. తాత గది మాత్రం చీకటి. బల్బు మార్చాం, నెట్ చూశాం. చివరికి నా చెవిలో చెప్పింది.

"మీ తాత పేరు నేను యాడ పలుకుతానే? ఆయన ఆయుస్సు తగ్గుతాది."

గది పేరు మారుస్తానంటే ఒప్పుకోలేదు. "వద్దులే. రూముకు తన పేరుండాదని మురిసిపోతాండాడు."

ఇక రోజూ తాతే తన పేరు తనే చెప్పుకొని లైట్ వేసుకునేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

పోయిన శ్రావణంలో ఒక సాయంత్రం, ఆ చీకటి గదిలో దబ్బుమని చప్పుడు. ఇంట్లో వాళ్లిద్దరే. అవ్వ "ఏమండీ, ఏమండీ" అని పిలిచింది. జవాబు లేదు. తనేమో మంచం దిగలేదు, లేచి వెళ్లే శక్తి లేదు.

అప్పుడు అరిచింది. పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ నోట రాని పేరు.

"హనుమంతప్ప రూమ్ లైట్ ఆన్!"

గది వెలిగింది. హాల్లో మంచం మీంచే కనిపించింది: తాత కింద పడి ఉన్నాడు, తల నుంచి రక్తం. అవ్వ కేకలకు పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారు. తాత బతికాడు.

పేరు పలికినందుకు ఆ తర్వాత అవ్వ శనివారాలు ఒక్కపొద్దు ఉంది. మళ్లీ ఆ పేరు ఎత్తలేదు.

ఆ కంపెనీలు చేసింది వింతే, కాదనను. కానీ జన్మంతా కాపాడుకున్న నియమాన్ని ఒక్క క్షణంలో వదిలేసిన మా అవ్వను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నిన్న అవ్వ పక్కన కూర్చున్న తాతను ఓదార్చబోయాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు పేరు పిలిచినప్పుడే నాకు తెలివొచ్చిందమ్మా. అప్పుడే పలికుండొచ్చు. ఇంగొక్కసారి పిలుస్తాదేమోనని గమ్మునుంటి."

పోయిరా అవ్వా. ఎవరినీ ఏదీ అడగాల్సిన పని లేని చోట హాయిగా ఉండు. 🙏